చార్మినార్ కింద నిలబడ్డ పూట

చార్మినార్ చూశావా అని ఎవరైనా అడిగితే చూశానంటాను. కానీ మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చూసింది దాని కాళ్ళు మాత్రమే. నాలుగు పెద్ద రాతి కాళ్ళు, వాటి చుట్టూ వేలకు వేల మనుషుల కాళ్ళు. పైన గడియారం ఉంటుందని, మినార్ల మీద పావురాలు వాలతాయని చాలా ఏళ్ళ తర్వాతగానీ నాకు తెలియలేదు. నవ్వకండి, నాకు కోపం వస్తుంది. అలా ఎందుకైందో చెప్పాలంటే ముందు నేనెవరినో చెప్పాలి.

నేను ఆడబాపను. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు, తెలియకపోవడమే మంచిది. మా దిక్కు దొరల ఇంట్లో ఆడపిల్లకు పెళ్ళయితే పట్టుచీరలు, పందిరిమంచం, ఇత్తడి బిందెలు పంపినట్టే ఒక పనిపిల్లను కూడా అత్తగారింటికి పంపేవారు. ఆ పిల్ల ఇక జన్మంతా ఆ దొరసాని వెంటే. ఆమెకు తల దువ్వాలి, కాళ్ళు పట్టాలి, ఆమె పిల్లలను ఎత్తుకోవాలి. ఆ పిల్లకు పెళ్ళి ఉండదు, పుట్టిల్లు ఉండదు. నన్ను పంపేనాటికి నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. పాలకుర్తి దగ్గర మా ఊరు. దొరసాని మెట్టింది మానుకోట అవతల ఒక గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు. కాగితాల మీద దాన్ని మహబూబాబాద్ అంటారు, మా నోళ్ళకు మానుకోటే. ఇంట్లో మా అవ్వ, నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైన మా అన్న మిగిలారు. నాయిన అంతకు ముందే పోయాడు.

గడిలో మొదటి కట్టడి ఏమిటంటే తల ఎత్తకూడదు. దొర ఎదురొస్తే వంచాలి, దొరసాని పిలిస్తే వంచాలి, చుట్టాలొస్తే ఇంకా వంచాలి. ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు వాళ్ళ ముఖం వైపు చూస్తే అది పొగరు. పొగరుకు చింతబరికె ఉండేది. రెండు మూడుసార్లు తిన్నాక మెడ దానంతట అదే వంగడం నేర్చుకుంది. ఎనిమిదేళ్ళు అలా బతికాక నాకు మనుషులు కాళ్ళతోనే గుర్తుండేవారు. దొరవి చిన్న పాదాలు, ఆడపిల్లవి అనుకోవచ్చు. ఆయన మీసాలు చాలా పెద్దవని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. మీసాలు నేను చూడలేదు. దొరసానికి బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు, అలాంటి ఆడది మొగుడి మీద పెత్తనం చేస్తుందంటారు, అది మాత్రం అబద్ధమని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. గుమాస్తా కుడికాలి చెప్పు ఈడ్చి నడిచేవాడు. చుట్టాలు సంవత్సరానికి ఒకసారి వచ్చినా సరే, గుమ్మంలో కాళ్ళు పెట్టగానే ఫలానా వారని చెప్పేసేదాన్ని. దొరసాని దాన్ని వింతగా తన వాళ్ళకు చూపించి నవ్వుకునేది. నాకు కూడా అదేదో విద్య అని గర్వంగా ఉండేది. తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మా అన్న ఏడాదికి ఒకసారి, బతుకమ్మ దినాల్లో, నన్ను చూడటానికి కాలినడకన వచ్చేవాడు. వెనక దర్వాజ దగ్గర నిలబెట్టేవారు. పక్కన గుమాస్తా ఉండేవాడు కాబట్టి నేను తల వంచుకునే మాట్లాడేదాన్ని. మంచిగున్నవా అంటే మంచిగున్న, అవ్వ మంచిగున్నదా అంటే మంచిగున్నది, అంతే మాటలు. మా అన్న ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు, చిన్నప్పుడు నాగలి కర్రు తగిలి ఊడిపోయింది. వేళ్ళు ఎడంగా, మడమలు ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉండేవి. ఆ పాదాలు కనబడితే నాకు ఆ పూట ఆకలయ్యేది కాదు. మా అన్న ముఖం అంటే మాత్రం నాకు పదిహేనేళ్ళ పిల్లవాడి ముఖమే గుర్తు. తర్వాత మీసం వచ్చిందో, బుగ్గలు పీక్కుపోయాయో నేను ఎరగను.

అట్లా ఉండగా ఊళ్ళలో దొరల మీద తిరగబడే రైతుకూలీల సంగం లేచింది. మొదట మా పాలకుర్తి, జనగామ దిక్కున మొదలై, మెల్లగా మానుకోట దాకా పాకింది. వెట్టికి రామని జనం చెప్పసాగారు. దొరలు ఒక్కొక్కరే గడులకు తాళాలేసి పట్నం చేరారు. మా దొర కూడా పెట్టెలు, బిందెలు, పిల్లలు, నేను, అన్నీ సర్దుకుని రైలెక్కాడు. పట్నం అంటే హైదరాబాదు. చార్మినార్‌కు దగ్గరలో ఒక పాత హవేలీలో సగం భాగం అద్దెకు తీసుకున్నారు.

గడిలో ఉన్నప్పుడు కనీసం బాయి దగ్గరికి, పశువుల కొట్టం దగ్గరికి పోయేదాన్ని. వాన వస్తే వాన మీద పడేది. ఆ హవేలీలో అదీ లేదు. నాలుగు వైపులా గోడలు, మధ్యలో చాపంత ఆకాశం. వీధి తలుపు గుమాస్తా లోపల్నుంచి తాళం వేసుకునేవాడు. బయట ఖాకీ వాళ్ళు తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారని, ఆడవాళ్ళు కనబడకూడదని భయం. దొర పొద్దున్నే స్నేహితుల దగ్గరికి పేకాటకు పోయేవాడు. దొరసాని అద్దం ముందు కూర్చుని ఏడ్చేది, ఏడ్చి ఏడ్చి నా మీద అరిచేది. ఆమె కూడా బందీయే కదా, జాలి పడాలి కదా అని ఇప్పుడు చదువుకున్నవాళ్ళు నాకు చెబుతుంటారు. పడతాను. కొంచెం పడతాను. కానీ ఆమె కాళ్ళు పట్టింది నేను కదా.

ఆ ఇంటికి రోజూ పొద్దున పెరుగమ్మే ఆవిడ వచ్చేది. తలుపు సగం తెరిచి గిన్నె పట్టడం నా పని. మొదటి రోజే ఆమె మాట విని నా చెయ్యి ఆగిపోయింది. పట్నంలో అందరూ ఉర్దూలోనో, ఉర్దూ కలిపిన తెలుగులోనో మాట్లాడుతుంటే ఆమె మాత్రం అచ్చం మా వాళ్ళలాగే మాట్లాడింది.

"ఏ ఊరు పిల్లా నీది?" అంది.

చెప్పాను. ఆమెది మొగుళ్లపల్లి. మొగుడు పట్నంలో కట్టుబడి పనికి వస్తే వెంట వచ్చిందట. ఆమె కాళ్ళకు సన్నటి వెండి కడియాలుండేవి, ఒకటి వంకర తిరిగింది. కొన్నాళ్ళు పెరుగు మాటలే మాట్లాడింది. ఒకనాడు గుమాస్తా లోపల ఉన్నప్పుడు గిన్నెలోకి వంగి చెప్పింది:

"మా గుడిసెల సంగపోళ్ళు ఆగుతుంటరు. మీ దిక్కు పిలగాడు ఒకడచ్చిండు. నీ ముచ్చట చెప్తే, గది నా చెల్లెలే అన్నడు. నిన్ను తీస్కపోతడట."

"యాడికి?"

"యాడికేంది? మీ అవ్వ తానికి."

సంతోషమని చెప్పలేను, భయం. తీసుకుపోవడం అంటే ఏమిటో నాకు అర్థమే కాలేదు. నేను దొరసాని సొమ్ము. సొమ్ము తనంతట తాను ఎట్లా నడిచిపోతుంది? రెండు రోజులు నాకు అదే ఆలోచన. మూడో రోజు సగం తెరిచిన తలుపులోంచి "పోత అక్కా" అన్నాను. నా నోట్లోంచి నా కోసం వచ్చిన మొదటి మాట అది.

ఇంటికి వచ్చి తీసుకుపోవడం కుదరదు. గుమాస్తా దగ్గర తుపాకి ఉంది, సందు చివర ఖాకీ వాళ్ళ చౌకీ ఉంది. అప్పుడే దొరసాని అక్క కూతురికి పెళ్ళి కుదిరింది, లాడ్ బజార్‌లో లక్కగాజులు తేవాలని ఇంట్లో మాట నడిచింది. వచ్చే బుధవారం పోతారని నేను చెప్పాను. పెరుగామె మర్నాడే జవాబు తెచ్చింది.

"చార్మినార్ కాడ జనం సందున మీ అన్న నీ ముందటికచ్చి నిలవడ్తడు. ఏం మాట్లాడకు. ఎన్కబడి నడువు, అంతే. అటెన్క ఆయనే చూస్కుంటడు."

సరే అన్నాను. ఆయన్ను ఎట్లా గుర్తుపట్టాలని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. సొంత అన్నను గుర్తుపట్టడానికి ఎవరైనా ఆనవాలు అడుగుతారా?

బుధవారం పొద్దున నాకున్న రెండు చీరల్లో చినగనిది కట్టుకున్నాను. దొరసాని వెంటనే పట్టేసింది.

"ఏందే, గాజులు నీకా కొనేది?"

"రోజు కట్టేది ఉతికింది ఎండలేదమ్మా, గందుకే," అన్నాను. అబద్ధం చెబుతున్నప్పుడు తల వంచుకుని ఉండటం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

దొరసాని పరదా కట్టిన జట్కాలో కూర్చుంది. గుమాస్తా ముందు, జట్కావాడి పక్కన. నేను జట్కా వెనక చెక్క పట్టుకుని నడిచాను. సందు దాటి పెద్ద బాట ఎక్కగానే చప్పుడు మీద పడింది. షర్బత్ గ్లాసుల గలగల, అత్తరు, సుర్మా అమ్మేవాళ్ళ కేకలు, కోతిని ఆడించేవాడి డమరుకం, ఎక్కడో బాజా. వాటిని నేను విన్నాను, చూడలేదు. నేను చూసింది నేల. గుర్రపు లద్దె, తమలపాకు ఉమ్ములు, నలిగిన మల్లెపూలు, ఖర్జూరపు గింజలు, లాడ్ బజార్ మొదట్లో రంగురంగుల గాజుపెంకులు. ఆ రాతి నేల మీద అన్ని మెరుపులు నేనెప్పుడూ చూడలేదు. అంత పేరున్న చౌరస్తా, ఊరూరి నుంచి జనం మోజుపడి వచ్చే చోటు, నాకు నా ముందు రెండు మూరల మేరే ఉంది.

గాజుల దుకాణం మెట్టు దగ్గర జట్కా ఆగింది. దొరసాని ముసుగు సరిచేసుకుని దిగి, మెట్టు మీద చెప్పులు విడిచింది.

"ఇవి పట్టుకుని ఇక్కడ్నే నిలవడు. కదిల్తే కాళ్ళిరుగుతయ్," అంది.

లోపల కుంపటి మీద లక్క కాచి, చేతి కొలత చూసి గాజు వంచి, మళ్ళీ కాచి, మెరుపులు అద్దుతున్నారు. ఒక్కో జతకు చాలా సేపు పడుతుంది. గుమాస్తా కొంతసేపు నా పక్కన నిలబడ్డాడు. ఎదురుగా బయస్కోపు డబ్బావాడు పాట పాడుతూ పిల్లలను పిలుస్తున్నాడు. గుమాస్తా చెప్పు ఈడ్చుకుంటూ అటు పోయి, డబ్బాలో కన్ను పెట్టి వంగాడు. యాభై ఏళ్ళ మనిషి, మీసాలు నెరిసినవాడంటారు, పిల్లలతోపాటు వంతు కోసం నిలబడి బొమ్మలు చూస్తున్నాడు. అట్లా మూడు ఆటలు చూశాడు.

అంటే నన్ను పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఇది నేను ఎన్నోసార్లు తలచుకున్నాను. నా చుట్టూ తాడు లేదు, గోడ లేదు, తాళం లేదు. రెండు అడుగులు వేస్తే జనంలో కలిసిపోతాను. కానీ నా చేతుల్లో దొరసాని చెప్పులున్నాయి, వాటిని రొమ్ముకు అదుముకుని నిలబడ్డాను. నేను నిలబడ్డ చోటు తప్ప భూమంతా పరాయిది.

అన్న కాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టాను. ఎన్ని కాళ్ళో. ముఖ్మల్ జోళ్ళు, ముక్కు పైకి తిరిగిన సలీంషాహీ చెప్పులు, బురఖా అంచు కింద గోరింటాకు పాదాలు, బరువు మోసేవాళ్ళ ఉబ్బిన నరాల కాళ్ళు. బోడికాళ్ళు కనబడితే చాలు, నా కళ్ళు అక్కడే ఆగేవి. ఎడమకాలి బొటనవేలి వైపు చూసేదాన్ని. గోరుంటుంది. మళ్ళీ ఇంకో జత. గోరుంటుంది. ఆ పూట ఆ చౌరస్తాలో ఎంతమంది బోడికాళ్ళ మనుషులు నడిచారో అన్ని గోళ్ళూ నేను చూశాను.

అప్పుడు ఒక జత బూట్లు వచ్చి నా ముందు ఆగాయి.

పాత నల్ల బూట్లు. పైన తెల్ల పైజామా. బూట్లంటే నాకు తెలిసింది ఖాకీ వాళ్ళే, పోలీసులే. నెత్తి మీది కొంగు ఇంకా కిందికి లాక్కున్నాను. బూట్లు కాసేపు నిలబడి వెళ్ళిపోయాయి. హమ్మయ్య అనుకుని మళ్ళీ కాళ్ళు వెతకడంలో పడ్డాను. కొంచెం సేపటికి అవే బూట్లు తిరిగొచ్చాయి. ఒకదాని లేసు సరిగ్గా కట్టలేదు, ఊడి నేల మీద ఈడుస్తోంది. కరుస్తున్న బూటుతో నడిచినట్టు అడుగు తేలిగ్గా పెడుతున్నాడు. అన్నీ చూశాను. చూసి, వీడెవడో బూటు కట్టుకోవడం కూడా రాని పోలీసు అని మనసులో అనుకున్నాను కూడా. ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను ఒక అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాను.

మూడోసారి ఆ బూట్లు బాగా దగ్గరికి వచ్చాయి. పక్కనే ఇద్దరు ఖాకీ వాళ్ళు షర్బత్ తాగుతూ నిలబడ్డారు. ఆయన చాలా మెల్లగా, ఎవరికీ వినబడకుండా, "చలో" అన్నాడు.

ఉర్దూ మాట. బూట్లు. ఆడపిల్లలను ఎత్తుకుపోతున్నారని ఇంట్లో రోజూ వింటున్న సంగతులు. నేను తల అడ్డంగా ఊపాను. ఒకసారి కాదు, రాను, రాను, రాను అన్నట్టు ఊపుతూనే ఉన్నాను. చెప్పులు గట్టిగా పట్టుకున్నాను. ఆ బూట్లు కదలలేదు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగాయి. ఊడిన లేసు గాజుపెంకుల మీద ఈడ్చుకుంటూ జనంలో కలిసిపోయింది.

దొరసాని గాజుల పెట్టెలతో బయటికి వచ్చింది. చెప్పులు కాళ్ళ ముందు పెట్టాను. జట్కా వెనక చెక్క పట్టుకుని తిరిగి నడిచాను. దారంతా నాకు మా అన్న మీదే కోపం. ఆశ పెట్టి రాలేదని, మనిషి మాట మీద నిలబడలేదని, సంగంలో చేరి చెల్లెల్ని మరిచాడని తిట్టుకుంటూ నడిచాను. ఆ సాయంత్రం వంటింట్లో పొయ్యి ఊదుతూ ఏడ్చాను. పొగ అనుకున్నారు.

మర్నాడు పెరుగామె వచ్చింది. గిన్నెలో పెరుగు పోయలేదు.

"నీకు ఏం పుట్టిందే?" అంది. "మీ అన్న ప్రాణం అరచేతుల పెట్టుకుని అచ్చిండు. మూడుసార్లు నీ ముందట నిలవడ్డడు. రానని తల ఊపినవట."

"బూట్లేసుకున్నడా?" అని అడిగాను.

"మరి? పట్నంల సంగపోడు బోడికాళ్ళతోని తిరిగితే ఊరోడని పట్టుకోరా? మా ఆయనే యాడనో తెచ్చి తొడిగిచ్చిండు. మొఖం చూడలేదా నువ్వు?"

చూడలేదని చెప్పాను. ఆమె పెరుగు కుండ మీది గుడ్డ సర్దుకుంది. తిట్టినా బాగుండేది.

"జర చెప్పు అక్కా, తెలువలేదని చెప్పు, మల్ల రమ్మను," అన్నాను.

"పొద్దుగాల్నే పోయిండు బిడ్డా. మల్ల ఎప్పుడస్తడో, అసలు అస్తడో రాడో." పెరుగు పోసి, గిన్నె నా చేతిలో పెట్టి పోయింది. వారం తిరగకుండా వాళ్ళ గుడిసెల మీద దాడి జరిగిందని విన్నాను. ఆమె మళ్ళీ రాలేదు. ఇంకో పెరుగామె వచ్చింది, ఉర్దూ మాట్లాడేది.

ఆ తర్వాత ఆ హవేలీలో గడిపిన నెలలు ఎట్లా చెప్పను? ఇంతకుముందు కూడా నేను బందీనే, కానీ నాకు తెలియదు. తెలిసి ఉండటం వేరు. రాత్రి కాదు, పట్టపగలు, పని చేస్తూ చేస్తూ ఊపిరాడక లేచి నిలబడేదాన్ని. ఎన్నిసార్లు నా తల నేను పట్టుకుని ఇదే కదా ఊగింది అనుకున్నానో. మనుషుల ముఖాలు చూడాలని పట్టుబట్టాను. తలుపు సందులోంచి, కిటికీ చెక్కల వెనక నుంచి దొంగచాటుగా చూసేదాన్ని. ముక్కులు, కళ్ళు, దవడలు. ఒకసారి దొరసాని ముఖంలోకి సూటిగా చూశాను. "ఏందే ఆ చూపు?" అని చెంప మీద కొట్టింది. నొప్పి పుట్టింది కానీ తల వెంటనే వంగలేదు, కొంచెం ఆలస్యంగా వంగింది. ఆ కొంచెం ఆలస్యమే నాకు అప్పుడు ఉన్న ఆస్తి.

పోలీసు యాక్షన్ అయింది. మిలిట్రీ వచ్చింది. ఊళ్ళలో క్యాంపులు పెట్టారు. ధైర్యం వచ్చి దొరలు మళ్ళీ గడులకు బయలుదేరారు. ఎండాకాలం మొదట్లో మేము కూడా రైలెక్కాం. దొర, గుమాస్తా మగవాళ్ళ పెట్టెలో. దొరసాని, పిల్లలు, నేను ఆడవాళ్ళ పెట్టెలో. ఈ రైలు జనగామ మీదుగానే మానుకోట పోతుంది. జనగామ నుంచి మా ఊరు ఒక పూట నడక. నేను అది లెక్క వేసి పెట్టుకోలేదు, ధైర్యం చేసి ఏ ఉపాయమూ పన్నలేదు. జనగామ స్టేషన్‌లో రైలాగింది. కూజాలో నీళ్ళయిపోయాయి. పిల్ల దూప అని ఏడ్చింది. దొరసాని వెండిచెంబు చేతికిచ్చి, "జల్ది పట్టుకరా," అంది.

దిగాను. నల్లా దగ్గర జనం ఉన్నారు. ఆ జనం ముఖాలన్నీ చూశాను. ముసలి ముఖాలు, చెమట పట్టిన ముఖాలు, బొట్టు చెదిరిన ముఖాలు. అందరూ మా వాళ్ళలాగే ఉన్నారు. చెంబు నిండింది. రైలు కూత వేసింది. దొరసాని కిటికీలోంచి తల బయట పెట్టి పిలిచింది. "పిల్లా, ఎక్కు! ఎక్కవేందే!" ఆమె ముఖం వైపు చూశాను. కుడి బుగ్గ మీద మచ్చ ఉంది. ఎనిమిదేళ్ళకు పైగా తల దువ్వాను, ఆ మచ్చ నాకు తెలియదు. రైలు కదిలింది. నా కాళ్ళు ముందుకు పోలేదు. ఆమె అరుస్తూనే ఉంది, అరుపు చిన్నదైపోయింది. చెంబులో నీళ్ళు నేనే తాగాను.

దారి అడుగుతూ అడుగుతూ పొద్దు వాలే వేళకు ఊరు చేరాను. మా అవ్వ గుడిసె ముందు కూర్చుని చింతకాయ పిక్కలు తీస్తోంది. ఎదురుగా నిలబడితే పైకి చూసింది. గుర్తుపట్టింది, లేవలేదు.

"ఎన్నొద్దులకు పంపిన్రు బిడ్డా?" అంది. "మల్ల ఎప్పుడు పోవాలె?"

"పోను అవ్వా. దిగొచ్చిన."

ఆమె నమ్మలేదు. ఇంట్లోకి తీసుకుపోయి జొన్న గటక పెట్టింది. అన్న ఏడని అడిగాను. నేను రావడానికి నెల ముందు మిలిట్రీ వాళ్ళు పట్టుకుపోయారట. ఊరి బయట కాల్చేశారట. ఒళ్ళు కూడా ఇవ్వలేదట. ఆ సంగతి చెబుతున్నప్పుడు మా అవ్వ గొంతు మామూలుగానే ఉంది. ఏడ్చి ఏడ్చి అయిపోయినవాళ్ళ గొంతు అట్లాగే ఉంటుంది.

"పట్నం నుంచి వచ్చినంక ఏమన్నడు?" అని అడిగాను. అది అడగకుండా నేను ముద్ద మింగలేను.

"కోపం చెయ్యలే బిడ్డా. దానికి అక్కడ మంచిగున్నది అవ్వా అన్నడు. మంచి చీరె కట్టింది, నేను పిలిస్తే పరేషాన్ అయింది, మనం మల్ల పిలువద్దు అన్నడు. బూట్లు కరిచి కాళ్ళు పుండ్లయినయ్. పసుపు పెట్టిన."

నేను గట్టిగా ఏడ్చాను. గుర్తుపట్టలేదని, బూట్లు చూసి పోలీసనుకున్నానని, ముఖం చూడలేదని, తల ఊపింది పోలీసుకే కానీ అన్నకు కాదని, ఒకదాని మీద ఒకటి చెప్పాను. మా అవ్వ గటక కుండ పక్కకు పెట్టింది. నా మాట అర్థమైంది ఆమెకు. ఆమె కూడా గడి వాకిళ్ళు ఊడ్చిన మనిషే.

"గది నా మాటే బిడ్డా," అంది చివరికి. "నిన్ను బండెక్కిచ్చిన నాడు నీ చెవుల నేనే చెప్పిన. ఎవలొచ్చినా తల ఎత్తకు, ఎత్తితే బతుకనియ్యరు అని. నువ్వు నా మాట ఇన్నవ్."

నాకు ఆ మాట గుర్తే లేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఏం గుర్తుంటుంది? గడి నుంచి మనిషి వచ్చాడు తర్వాత. ఊళ్ళో జనం మా గుడిసె చుట్టూ నిలబడ్డారు. వాడు వెండిచెంబు అడిగాడు, ఇచ్చాం, తీసుకుని పోయాడు. నేను పలక పట్టి అక్షరాలు నేర్చుకున్నాను, జనగామలో చిన్నపిల్లల బడిలో ఆయాగా చేరాను, తర్వాత అక్కడే పంతులమ్మనయ్యాను. మా అవ్వ మరో ఇరవై ఏళ్ళు బతికింది. అన్న చావు మాట వచ్చినప్పుడల్లా తప్పు తనదే అనేది. నీది కాదవ్వా అని నేను ఎంత పోట్లాడినా వినలేదు, ఆ మాట నెత్తిన పెట్టుకునే పోయింది. ఆ గడిలో పుట్టి పెరిగినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ తప్పు తమ ఇంటిదేమోనని వాళ్ళలో ఒక్కరు కూడా ఒక్క పూట అన్నం మానేసి ఉండరు.